మస్కిటో కథలో మీరు వదిలేసిన సగం

సంపాదకుడు గారికి,

నమస్కారం. మన దేశం సొంతంగా రూపొందిస్తున్న ఆమ్కా యుద్ధ విమానం తయారీలో ప్రభుత్వ సంస్థలతో పాటు ప్రైవేటు కంపెనీలకూ సమానంగా పోటీపడే అవకాశం ఇవ్వడం మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు. మన ఆదిభట్లలోనే అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతుంటే ప్రైవేటు వాళ్లకు చేతకాదని ఎవరంటారు? కానీ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ మస్కిటో విమానాన్ని ఉదాహరణగా తెచ్చి, ప్రభుత్వం అడ్డు తప్పుకుంటే చాలు, అన్నీ అవే జరిగిపోతాయన్నట్టు రాశారు చూడండి, అది మాత్రం ఒప్పుకోలేను.

మస్కిటోను తయారు చేసిన డి హావిలాండ్ కంపెనీ గొప్పతనం కాదనలేం. బాంబర్ అంటే చుట్టూ తుపాకులు ఉండాలని అందరూ అనుకునే రోజుల్లో ఆ తుపాకులు, వాటిని పేల్చే మనుషులు, ఆ బరువంతా తీసేసి, ఇద్దరు మనుషులు, రెండు మెర్లిన్ ఇంజిన్లు, చెక్క బాడీతో శత్రువుకి అందనంత వేగంగా పోయే విమానం చేస్తామన్నారు. బయటా లోపలా బర్చ్ ప్లైవుడ్, మధ్యలో తేలికైన బాల్సా. అల్యూమినియం మీద భారం తగ్గింది, ఫర్నిచర్ చేసే వడ్రంగుల చేత విమానం పని చేయించుకునే వీలు దొరికింది. వైమానిక శాఖలో చాలామంది ఇది కుదరదన్నారు. మీ వ్యాసం ఇక్కడి వరకు కరెక్టే.

మరి దాన్ని నమ్మిందెవరు? సర్ విల్‌ఫ్రిడ్ ఫ్రీమన్. ఆయన వ్యాపారి కాదు, విమానాల అభివృద్ధి, ఉత్పత్తి బాధ్యత చూసిన వైమానిక దళం అధికారి. మొదటి నమూనా ఎగిరింది 1940 నవంబర్ 25న అయితే, 50 బాంబర్, నిఘా విమానాలకు కాంట్రాక్టు కుదిరింది అదే ఏడాది మార్చి 1న, అంటే కాగితం మీద బొమ్మ తప్ప చూపించడానికి ఏమీ లేనప్పుడు! దాన్ని ఫ్రీమన్ పిచ్చి అని వెక్కిరించారు కూడా. ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం వెనక్కి వచ్చేశాక విమానాల ఉత్పత్తి మంత్రి బీవర్‌బ్రూక్ ఐదు రకాల విమానాల మీదే దృష్టి పెట్టినప్పుడు మస్కిటో పక్కకు పోయి, జులైలో మళ్లీ లిస్టులోకి వచ్చింది. 1941 ఫిబ్రవరిలో బోస్కంబ్ డౌన్ ప్రభుత్వ పరీక్షా కేంద్రంలో గతుకుల నేల మీద నమూనా బాడీ పగిలితే, ఫోటో నిఘా విమానం కోసం చేసిన బాడీ తెచ్చి బిగించి పరీక్షలు నడిపించారు. ఇందులో ప్రభుత్వం అడ్డు తప్పుకున్నది ఎక్కడండీ?

అసలు మీరు వదిలేసిన ముఖ్యమైన భాగం మన దేశంలో జరిగింది. కలకత్తా దగ్గర అలీపూర్ నుంచి బ్రిటిష్ వైమానిక దళం 684 స్క్వాడ్రన్ (విమాన దళం) మస్కిటోలు బర్మా మీద ఎగిరి ఫోటోలు తీసుకొచ్చేవి, బాంబులు వేసే స్క్వాడ్రన్లు వేరే ఉండేవి. 1944 చివర్లో కొన్ని విమానాల రెక్కలు గాల్లోనే విరిగిపోయి మనుషులు చనిపోయారు. మస్కిటోలను ఎగరకుండా ఆపేశారు. కంపెనీ తరఫున హెర్వర్డ్ డి హావిలాండ్ బృందం వచ్చి చూసి, వానాకాలం తేమకు చెక్క ముడుచుకుపోవడమే కారణమని తేల్చింది. అంటే వాళ్ల లెక్కలో తప్పు మన వానలది. ఆ తర్వాత జరిగిన విచారణ మాత్రం తయారీలోనే లోపం ఉందని చెప్పింది, విమానాల ఉత్పత్తి మంత్రిత్వ శాఖ వాళ్లు మళ్లీ పరిశీలించినా అదే తేలింది. ఇంగ్లాండ్‌లో హాట్‌ఫీల్డ్, లీవ్స్‌డెన్‌లలోని ఆ కంపెనీ సొంత ఫ్యాక్టరీల్లో చేసిన విమానాల్లోనే జిగురు అతుకులు సరిగ్గా లేవు. తర్వాత రెక్క పొడవునా ప్లైవుడ్ పట్టీ అతికించి సరిచేశారు.

నేను బాలానగర్‌లో విడిభాగాలు చేసే ఒక చిన్న యూనిట్‌లో క్వాలిటీ చెకింగ్ పని చేస్తాను. డెలివరీ డేట్ దగ్గర పడ్డాక ఎవరి టెన్షన్ వాళ్లది, రిజెక్ట్ అన్న మాట ఎవరికీ రుచించదు. అది ప్రభుత్వ కంపెనీ అయినా అంతే, ప్రైవేటు అయినా అంతే. అందుకే, తయారు చేసినవాడే తన తప్పు తనే వెతికి రిపోర్టు రాసుకునే పద్ధతి ఉంటే ఆ రిపోర్టులో ఏముంటుందో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

ఆమ్కా ఎవరికి ఇచ్చినా ఇవ్వండి. కానీ నాణ్యత చూసే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీలోనే కూర్చోవాలి, లైన్ ఆపే అధికారం వాళ్లకు ఉండాలి. ప్రమాదం జరిగితే విచారణ కంపెనీ చేతిలో ఉండకూడదు, రహస్యాలు పోను మిగిలిన రిపోర్టు జనానికి ఇవ్వాలి. ఇంకొకటి, ఫ్రీమన్ లాగా నమ్మి సంతకం పెట్టే అధికారిని పదేళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరాల పేరుతో కోర్టుల చుట్టూ తిప్పకుండా ఏదైనా రక్షణ ఉందా? దాని గురించి మీ విలేకరులు రక్షణ శాఖను అడిగి రాస్తే చదవాలని ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బాలానగర్, హైదరాబాద్