పాలు తేవడానికి కూడా కిల్టే

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ వచ్చి రెండు వారాలైంది, రిప్లై ఇవ్వలేదని తిట్టుకోకు. ఫొటోలో నువ్వు కట్టుకున్నది ఏంట్రా అని అడిగావ్ కదా, అది ఒక్క లైన్లో చెప్పేది కాదు, అందుకే ఆదివారం దాకా ఆగి తీరిగ్గా రాస్తున్నా.

అది కిల్టు రా, ఇక్కడ స్కాట్లండ్‌లో మగవాళ్లు నడుముకి చుట్టుకునే గళ్ల ఉన్ని బట్ట, మోకాళ్ల దాకా ఉంటుంది. ఏ పెళ్లికో ఫంక్షన్‌కో కాదు, ఆ రోజు పాలూ బ్రెడ్డూ తెచ్చుకోవడానికి వెళ్లా అంతే. ఇప్పుడు వారంలో మూడు నాలుగు రోజులు అదే నా బట్ట. పైన మామూలు టీషర్టు, చలేస్తే స్వెట్టరు, కాళ్లకి బూట్లు, సాక్సు కిందికి దించేసి. ఇక్కడ స్కాట్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్లే ఫ్యాన్స్‌ని టార్టన్ ఆర్మీ అంటారు, వాళ్లు కట్టేది కూడా ఇలాగే, కోటూ బో టై ఏమీ ఉండవు.

కొత్తది చేత్తో కుట్టించుకోవాలంటే వందల పౌండ్లు, నాది సెకండ్‌హ్యాండ్. 8 గజాల ఉన్ని బట్ట మామా, అమ్మ చీర కంటే రెండు గజాలు పొడుగు! ఇంటికొచ్చి కుచ్చిళ్లు లెక్కపెట్టా, 27 ఉన్నాయి. ఒక్కో కుచ్చిట్లోకి ఒక గడి మొత్తం పోయేలా మడిచి కుట్టారు, అందుకే నిలబడితే వెనక కూడా గళ్ళు ఎక్కడా తెగకుండా ముందు ఉన్నట్టే కనిపిస్తాయి. ఆ పని చూస్తే ఎవరు కుట్టారో గానీ వాళ్ల చేతులకి దండం పెట్టాలనిపించింది. కుచ్చిళ్లు వెనకే, ముందు మాత్రం సాపుగా రెండు పొరలు. లోపలి పొర పట్టీని ఎడమ తుంటి దగ్గర చిల్లులోంచి బయటికి లాగి బకిల్ పెట్టాలి, పైపొర కుడివైపు తెచ్చి అక్కడ రెండు బకిల్స్. మొదటి వారం నేను తెలీక పిన్నీసు రెండు పొరలకీ కలిపి గుచ్చేశా, బస్సెక్కుతుంటే పట్టేసి దారాలు తెగాయి, ప్రాణం ఉసూరుమంది. అది పైపొరకి మాత్రమే గుచ్చాలట. కూర్చునేటప్పుడు వెనక్కి చెయ్యి పెట్టి కుచ్చిళ్లు కిందికి సర్దుకుంటూ కూర్చోవాలి, లేకపోతే నలిగిపోతాయి, ఇప్పుడది చేతికి అలవాటైపోయింది.

చలెయ్యదా అంటావ్. నడుం చుట్టూ అంత ఉన్ని ఉంటే ఏం చలి రా, మోకాళ్లకి కాస్త తెలుస్తుంది అంతే. ఎడిన్‌బరాలో నార్త్ బ్రిడ్జ్ మీద గాలి మనిషిని తోసేస్తుంది, అక్కడ కూడా నా కిల్టు బరువుకి చెక్కుచెదర్లేదు. లోపల ఏం వేసుకుంటావ్ అని నువ్వూ అడుగుతావని తెలుసు, డ్రాయర్ వేసుకుంటా, రోజూ కట్టేవాడికి అదే నయం. ఒకసారి పబ్‌లో ఒకావిడ నవ్వుతూ వెనకనుంచి ఎత్తబోయింది, నాకు చాలా కోపమొచ్చింది మామా, ఎవరి బట్టైనా అలా లాగడం తప్పే కదా.

అసలు నాకు బాధనిపించేది ఏంటంటే ఇక్కడి మగవాళ్లలో చాలామంది దీన్ని పెళ్లికి అద్దెకి తెచ్చుకుని మర్నాడు వాపస్ ఇచ్చేస్తారు. ఒకప్పుడు స్కాట్లండ్ ఉత్తరాన హైలాండ్స్ కొండల్లో ఇది పనిబట్ట, పాతకాలం పెద్ద కిల్టైతే పగలు కట్టుకుని రాత్రి అదే కప్పుకుని పడుకునేవాళ్లు. 1746లో రాజు మీద తిరగబడ్డ హైలాండ్స్ వాళ్లు కల్లొడెన్ యుద్ధంలో ఓడిపోయాక లండన్ ప్రభుత్వం చట్టం చేసి కిల్టు కడితే ఆర్నెల్లు జైలు అంది, రెండోసారి దొరికితే ఏడేళ్లు దేశం బయటికి. సైన్యంలో ఉన్నవాళ్లకే మినహాయింపు. 1782లో ఎత్తేశారు గానీ 36 ఏళ్లంటే మాటలా, కట్టే అలవాటున్న తరం వెళ్లిపోయింది. తర్వాత 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు నవలలు రాసే వాల్టర్ స్కాట్ అంతా కిల్టుల పండగలా ఏర్పాటు చేశాడు, రాజు కూడా కట్టాడు. అక్కణ్ణుంచి అది దర్జా బట్ట అయిపోయింది, పొలం బట్ట కాలేదు.

మన పంచెకి జరిగింది కూడా ఇదే కదరా? మా తాత పంచెతోనే పొలం వెళ్లేవాడు, సంతకి వెళ్లేవాడు. మేం మాత్రం అన్నయ్య పెళ్లికి వెల్‌క్రో అంటించిన రెడీమేడ్ పంచెలు కట్టి, భోజనాలవ్వగానే విప్పేశాం. అది గుర్తొచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. అందుకే ఇక్కడ డెనిమ్‌తో, ట్వీడ్ అనే ముతక ఉన్ని బట్టతో జేబులు పెట్టి రోజూ కట్టుకునే కిల్టులు కుట్టేవాళ్లంటే నాకు భలే గౌరవం. ఎడిన్‌బరాలో హవీ నికల్స్‌బీ అని ఒకాయన ఆ పనే చేశాడు, అమెరికాలో సియాటిల్‌లో యుటిలికిల్ట్స్ వాళ్లూ అంతే. సంప్రదాయం చెడగొట్టారని కొందరు గొణుగుతారు, నేనైతే ఒప్పుకోను, జనం కడుతుంటేనే కదా ఏ బట్టైనా ఉండేది.

నువ్వు డిసెంబర్లో వస్తున్నావ్ కదా, నీకూ ఒకటి వెతికి పెడతా. ప్యాంటు సైజు చెప్పకు, అది పనికిరాదు, కిల్టు బొడ్డు దగ్గర కడతారు. టేపు తీసుకుని సరిగ్గా బొడ్డు మీదుగా కొలిచి పంపు, అక్కణ్ణుంచి మోకాలి చిప్ప మధ్య దాకా ఎంతో అదీ కొలువు. వచ్చేటప్పుడు మా ఇంటికెళ్లి ఇనప్పెట్టెలో తాత పంచె ఒకటుంటుంది, నేత అంచుది, అమ్మనడిగి పట్టుకురా.

నీ
రాముగాడు