జైలు గేటు దాటాక చూసేదెవరు?

సంపాదకుల గారికి,

లైంగిక దాడి వార్త వచ్చిన ప్రతిసారీ ఉరి తీయాలనీ, పాత నేరస్థుల ఫొటోలు కూడళ్లలో అంటించాలనీ డిమాండ్లు వస్తాయి. శిక్ష ముగించుకుని ఊళ్లోకి తిరిగొచ్చినవాడు మరో పిల్ల జోలికి పోకుండా రోజూ కనిపెట్టి ఉండేదెవరని అడిగేవాళ్లు తక్కువ. మన వ్యవస్థలో దానికి జవాబు దాదాపు లేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ పని ఎలా చేస్తారో చూడండి. 2003 నాటి లైంగిక నేరాల చట్టం ప్రకారం, విడుదలైన 3 రోజుల్లో దోషి పోలీసులకు చిరునామా, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా వివరాలివ్వాలి. ఏది మారినా మళ్లీ 3 రోజుల్లో చెప్పాలి. పిల్లలున్న ఇంట్లో 12 గంటలు ఉన్నా చెప్పాల్సిందే. స్థిరమైన ఇల్లు లేనివాడు వారం వారం హాజరు కావాలి. 30 నెలలు, ఆపైన శిక్ష పడినవాడికి ఈ బాధ్యత జీవితాంతం ఉంటుంది. 15 ఏళ్లు గడిచాక సమీక్ష మాత్రం కోరవచ్చు. ఎగ్గొడితే 5 ఏళ్ల దాకా జైలు.

ఇదంతా నమోదు వరకే. అసలు బరువు మోసేది ప్రొబేషన్ అధికారి, అంటే జైలు బయట నేరస్థుణ్ని కనిపెట్టుకుని ఉండే ప్రభుత్వ ఉద్యోగి. 'మాపా' అనే ఏర్పాటు కింద పోలీసు, జైలు, ప్రొబేషన్ శాఖలు తమ సమాచారాన్ని ఒకచోట పెట్టి, ఒక్కో మనిషి గురించి ముందే నిర్ణయాలు తీసుకుంటాయి. బాధితురాలు ఉండే ప్రాంతంలోకి రాకూడదు, అనుమతి లేకుండా మైనర్లను కలవకూడదు, ఫోను చూపమంటే చూపాలి వంటి షరతులు పెడతారు. ప్రమాదం ఎక్కువ అనుకున్నవాణ్ని నేరుగా ఇంటికి పంపకుండా, రాత్రీ పగలూ సిబ్బంది ఉండే వసతి గృహంలో కొన్నాళ్లు ఉంచుతారు.

నేరస్థుడి విడుదల నాటి వయసు, పాత కేసులు, బాధితులు బంధువులా పరాయివాళ్లా అన్నవి కాగితం మీద ఉంటాయి, మారవు. వాటిని బట్టి ఎవరు ప్రమాదకరమో తెలుస్తుంది కానీ ఎప్పుడు ప్రమాదమో తెలియదు. ఆ రెండోది తెలియాలంటే మనిషిని తరచూ కలవాలి. పని పోయింది. తాగుడు మళ్లీ మొదలైంది. అన్నావదినలతో మాటలు లేవు. చిన్నపిల్లలున్న ఒంటరి మహిళతో కొత్త పరిచయం. ఈ వారం రమ్మన్న రోజున రాలేదు. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు. అన్నీ ఒకే నెలలో కనిపిస్తే మాత్రం అధికారి ఆగకూడదు. ఇంటికి వెళ్లి చూడాలి, ఆ మహిళకు విషయం తెలిసే ఏర్పాటు చేయాలి, షరతులు బిగించాలి, తప్పకపోతే తిరిగి జైలుకు పంపాలి. ఈ పని చెడేది కూడా ఇక్కడే. ఒక్కో అధికారి నెత్తిన కేసులు పెరిగిపోతే భేటీ కాస్తా సంతకం పెట్టించుకుని పంపడంగా మారుతుంది. అధికారి మారిపోతే, అతని కళ్లలో పడ్డ చిన్న మార్పులు ఫైల్లోకి ఎక్కకుండానే పోతాయి.

ఇంగ్లండ్‌లో చేసినవన్నీ ఫలించాయని చెప్పను. జైళ్లలో లైంగిక నేరస్థుల కోసం ఏళ్ల తరబడి నడిపిన ప్రధాన చికిత్సా కార్యక్రమాన్ని 2017లో ఆపేశారు. సగటున 8.2 ఏళ్లు గమనిస్తే, అందులో చేరినవారిలో 10 శాతం, చేరని వారిలో 8 శాతం మళ్లీ లైంగిక నేరం చేశారని ప్రభుత్వ అధ్యయనమే తేల్చింది. ఫలితం చూసి దాన్ని ఎత్తేసిన ఆ నిజాయితీ మనం నేర్చుకోదగ్గది. అక్కడ వాడే, అబద్ధాలు పట్టే పాలీగ్రాఫ్ పరీక్షలు మనకు కుదరవు. ఇష్టం లేకుండా అలాంటి పరీక్ష చేయడం చెల్లదని 2010లో సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది.

ఫొటోలు, వెలివేతల సంగతి అమెరికాను చూస్తే తెలుస్తుంది. మయామీలో బడికి, పార్కుకు 2,500 అడుగుల లోపు ఉండకూడదన్నారు. ఇళ్లు దొరకని నేరస్థులు 2010 దాకా ఒక వంతెన కింద గుంపుగా బతికారు. అలా బతికేవాడికి పనీ ఉండదు, కుటుంబమూ ఉండదు. ప్రమాదాన్ని పెంచేవి సరిగ్గా అవే. మిన్నెసోటాలో మళ్లీ లైంగిక నేరం చేసి జైలుకొచ్చిన 224 మంది కేసుల్ని పరిశీలిస్తే, ఇలాంటి నివాస నిషేధం ఒక్కదాన్నీ ఆపి ఉండేది కాదని తేలింది. పైగా మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. మేనమామ ఫొటో కూడలిలో పెడితే ఆ పిల్ల ఎవరో ఊరంతటికీ తెలిసిపోదా? బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరమని మన చట్టమే అంటోంది.

మన దగ్గర 2018లో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ మొదలైంది. అప్పటికే అందులో 4.4 లక్షలకు పైగా నమోదులున్నాయి. పోలీసుల దర్యాప్తుకు అది ఉపయోగమే కానీ, నేరం జరగకముందు అది ఎవరి తలుపూ తట్టదు. దోషిని జైలుకు పంపకుండా మంచి ప్రవర్తన షరతుపై విడిచిపెట్టే 1958 ప్రొబేషన్ చట్టంలోని 4వ సెక్షన్, మరణశిక్ష లేదా యావజ్జీవం పడదగ్గ నేరాలకు వర్తించదు. అత్యాచారానికి యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు కాబట్టి, ఆ దోషి ఆ సెక్షన్ కింద ప్రొబేషన్ అధికారి చేతికి రాడు. శిక్ష పూర్తయిన రోజున సంచీ పట్టుకుని బస్సెక్కుతాడు, అంతే.

అయినా చట్టంలో ఒక తలుపు తెరిచే ఉంది. నేర విచారణ విధానాన్ని చెప్పే పాత సీఆర్‌పీసీలోని 356వ సెక్షన్ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 394వ సెక్షన్ ప్రకారం, 3 ఏళ్లు, ఆపైన శిక్ష పడదగ్గ నేరాల్లో రెండోసారి దోషిగా తేలినవాడు విడుదలయ్యాక 5 ఏళ్ల వరకు తన చిరునామా, దాని మార్పులు తెలియజేయాలని కోర్టు ఆదేశించవచ్చు. అందుకు నియమాలు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు లైంగిక నేరాలను దృష్టిలో పెట్టుకుని ఆ నియమాలను సవివరంగా రూపొందించాలి. లైంగిక నేరాల కేసుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్లు శిక్ష ఖరారు రోజునే ఈ ఆదేశం కోరాలి. విడుదలకు 6 నెలల ముందు జైలు సూపరింటెండెంటు, స్థానిక పోలీసులు, జిల్లా ప్రొబేషన్ అధికారి కూర్చుని, అతను ఎక్కడ ఉంటాడు, ఏం పని చేస్తాడు, ఆ ఇంట్లో పిల్లలున్నారా, బాధితురాలి ఇల్లు ఎంత దూరం అన్నవి తేల్చాలి. మొదటి తప్పుకే దోషులైనవారి కోసం చట్ట సవరణ కావాలి, అది పార్లమెంటు పని. ఈలోగా జిల్లాల్లో ప్రొబేషన్ అధికారుల సంఖ్య పెంచి, వారికి ఈ పనిలో ప్రత్యేక శిక్షణ ఇవ్వడానికి రాష్ట్రాలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

— నేరశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాద్