చిటికెకు ఇల్లు దొరికింది: అందరికీ కృతజ్ఞతలు

మా కుక్క చిటికె ఎక్కడికి వెళ్తుందన్న ప్రశ్న పదకొండు వారాల పాటు మా ఇంట్లో ఎవరినీ కుదురుగా కూర్చోనివ్వలేదు. నిన్న సాయంత్రం దానికి జవాబు దొరికింది. సరిగా నిద్రపోయి చాలా రోజులైనందువల్ల ఈ నాలుగు మాటలలో వరుస తప్పితే, ఎవరినైనా మరచిపోతే, మన్నించవలసిందిగా ముందుగానే కోరుతున్నాను.

చిటికె జాక్ రస్సెల్ టెర్రియర్ అనే జాతి కుక్క. వయసు నాలుగేళ్లు, బరువు ఆరు కిలోలు, ఎత్తు నా మోకాలి దాకా కూడా రాదు. ఒళ్లంతా తెలుపు, ఎడమ కంటి చుట్టూ గోధుమరంగు మచ్చ. చిన్న కుక్క కాబట్టి ఇంట్లో ఒక మూల పడి ఉంటుందని, పెద్దగా తిప్పవలసిన పని ఉండదని అమ్మినవారు చెప్పగా నమ్మాము. నాలుగేళ్లూ రోజుకు రెండు గంటలు దాని వెంట నడిచి, పరుగెత్తి, మిగిలిన సమయంలో అది తవ్విన గుంటలు పూడ్చుకుంటూ సంతోషంగానే గడిపాము. ఆ తరువాత అమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయి వాకర్ పట్టుకుని ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆ వాకర్ చక్రాలు చిటికె కంటికి పారిపోతున్న ఎలుకల్లా కనిపించసాగాయి. అమ్మ కదిలితే చాలు, అది వాటి మీదకు దూకేది. రెండుసార్లు అమ్మ పడబోయి గోడను పట్టుకుని నిలదొక్కుకుంది. మళ్లీ పడితే లేవడం కష్టమని డాక్టరు హెచ్చరించారు. అందువల్ల కుక్కను వెనక గదిలో ఉంచి తలుపు వేశాము. అమ్మ పనులతో రెండు గంటల నడక ఇరవై నిమిషాలకు కుదించుకుపోయింది. ఆ తలుపు అడుగుభాగాన్ని ఇప్పుడు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. జానెడు మేర రంగు పోయి, చెక్క పీచులుగా లేచి, కింద సన్నని పొడి రాలి ఉంటుంది. రోజూ ఉదయం ఆ పొడిని చీపురుతో ఊడ్చినది నేనే.

చిటికెకు వేరే ఇల్లు చూస్తున్నామని తెలియజేసిన తరువాత వచ్చిన ఫోన్లను గురించి ఎక్కువ చెప్పను. పెంచలేనివారు తెచ్చుకోవడం ఎందుకని కోప్పడినవారు కొందరు. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరిగిందని చెప్పగానే ఫోన్ పెట్టేసినవారు మరికొందరు. కరుస్తుందా, కాగితాలున్నాయా అని అడగనివారు లేరు. కుక్కలకు ఆశ్రయమిచ్చే ఒక సంస్థకు వెళ్తే ఖాళీ లేదని, పేరు వరుసలో రాసుకుంటామని చెప్పి ఒక ఫారం చేతికిచ్చారు. వదులుకోవడానికి కారణం అన్నచోట ఇల్లు మారడం, ఎలర్జీ, సమయం లేకపోవడం, ఆసక్తి తగ్గడం అని నాలుగు గడులున్నాయి. మా కారణం వాటిలో ఏ గడిలోనూ పట్టలేదు. చివరికి సమయం లేకపోవడం దగ్గర టిక్కు పెట్టి, అబద్ధం ఆడినదానిలా బయటకు వచ్చాను. అక్కడ పనిచేసేవారి మీద నాకు కోపం లేదు, వారి చేతినిండా పని ఉంది. అమ్మేవేళ ఒక్క ప్రశ్నయినా అడగని ఈ ఏర్పాటు, ఇచ్చేవేళ మాత్రం మనిషిని దోషిలా నిలబెడుతుందన్నదే నా బాధ.

అటువంటి రోజులలో ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. తెలిసినవారికి తెలిసినవారి ద్వారా మా సంగతి విన్నారట. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "దానికి ఏం చెయ్యడమంటే ఇష్టం తల్లీ?" అంతమంది ఫోన్ చేశారు గాని ఈ మాట ఎవరూ అడగలేదు. దుప్పటి కింద దూరి అవతలి వైపు నుంచి తల బయటపెట్టడం, బంతిని మెట్ల మీద నుంచి తానే వదిలి తానే పట్టుకోవడం, వాన వెలిశాక మట్టిలో ముక్కు పెట్టి తుమ్మడం, ఇలా చెబుతూ చెబుతూ నేను మధ్యలో ఆగిపోయాను. ఆవిడ ఏమీ అనకుండా, నేను మళ్లీ మాట్లాడేదాకా ఫోన్ పట్టుకుని ఉన్నారు.

రెండు రోజుల తరువాత మా ఇంటికి వచ్చారు. వస్తూనే కుక్కను పిలవలేదు, చెయ్యి చాపలేదు, కనీసం దానివైపు చూడలేదు. వెనక గదిలో నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, మా దగ్గర ఒక పాత తువ్వాలు అడిగి తీసుకుని, అందులో దాని తిండి గింజలు పోసి చుట్టి, ముడి మీద ముడి వేసి నేల మీద ఉంచారు. చిటికె ఇరవై నిమిషాల పాటు ఆ ముడులతో కుస్తీ పట్టి, ఆఖరి గింజ తిన్నాక ఒక పెద్ద నిట్టూర్పు విడిచి ఆవిడ మోకాలికి ఆనుకుని పడుకుంది. పగటిపూట అది అలా పడుకోగా చూసి ఎన్ని వారాలైందో! టెర్రియర్ అన్న పేరే నేల అన్న అర్థమిచ్చే మాట నుంచి వచ్చిందని, 1819లో ఇంగ్లండులో జాన్ రస్సెల్ అనే చదువుకునే కుర్రవాడు ఒక పాలవాడి దగ్గర ఆడ టెర్రియర్‌ను కొన్నాడని, ఆయన తరువాత మతగురువై బొరియల్లోకి దూరి నక్కలను బయటకు తరిమే కుక్కలను పెంచాడని, ఆయన పేరే ఈ జాతికి వచ్చిందని ఆవిడే చెప్పారు. అంటే తవ్వడం, తరమడం దీని ఉద్యోగమని, ఆ ఉద్యోగం లేకపోబట్టే తలుపు మీద పడిందని నవ్వుతూ అన్నారు. ఆవిడ దగ్గర ఇదే జాతి కుక్క పద్నాలుగేళ్లు బతికి కిందటేడు పోయిందట.

అంతటితో సరే అని లేచి వెళ్లిపోతారనుకున్నాను. కాని ఆవిడ చిటికె హార్నెస్‌కు తాడు తగిలించి, దాన్ని ఎత్తుకుని, అడగకుండానే అమ్మ మంచం దగ్గరకు వెళ్లి పక్కన కూర్చున్నారు. తన వల్లనే కుక్క ఇల్లు వదలవలసి వస్తోందని అమ్మ కొన్ని వారాలుగా లోపల కుమిలిపోతోంది. నాతో ఎన్నడూ అనలేదు, నేనూ ఎన్నడూ అడగలేదు. మొదటిసారి చూసిన ఆ మనిషికి అది ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. "మీరు ఒకసారి దీని చెవుల వెనక నిమరండి, ఎక్కడ నిమిరితే ఊరుకుంటుందో నాకు చూపించాలి కదా," అని అమ్మ చేతిని పట్టుకుని కుక్క తల మీద పెట్టారు. వాకర్ వచ్చిన తరువాత అమ్మ చిటికెను ముట్టుకోవడం అదే మొదలు. నేను వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

చిటికెను తీసుకుని వెళ్లేటప్పుడు అది పడుకునే దుప్పటిని ఉతకకుండా ఇమ్మని ఆవిడ అడిగారు. కొత్త ఇంట్లో కుక్క బెదురు తగ్గడానికి మూడు రోజులు, పద్ధతులు అలవాటు కావడానికి మూడు వారాలు, అది తన ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు పడుతుందని అనుభవజ్ఞులు చెప్పే లెక్కను వివరించి, మూడు వారాలలోపు ఎప్పుడు మనసు మారినా ఒక్క మాట చెప్పమని, తామే తెచ్చి దింపుతామని మాటిచ్చారు. మూడో రోజు తెల్లవారుజామున నా ఫోన్‌కు ఒక శబ్దం పంపారు. నలభై సెకన్ల గురక, దాని చివర ఆవిడ గుసగుస: "ఇప్పుడే నిద్రపట్టింది తల్లీ, మీరూ పడుకోండి." నేను మేలుకుని ఉంటానని ఆవిడకు ఎవరు చెప్పారు? నిన్నటితో మూడు వారాలు పూర్తయ్యాయి. చిటికె ఇక అక్కడే ఉంటుంది. మీకు ఏమని కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదమ్మా.

మా అన్నయ్య, వదిన, మా ఆయన, పిల్లలు ఎప్పటిలాగే అండగా నిలిచారు. వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఒక పని మాత్రం ఇంకా తెమలలేదు. చిటికె భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ ఉంది. స్కానరు పెడితే అందులో నుంచి పదిహేను అంకెల సంఖ్య ఒక్కటే వస్తుంది. యజమాని పేరు, ఫోన్ నంబరు ఉండేది ఆ సంఖ్యను నమోదు చేసుకున్న సంస్థ దగ్గర. అక్కడ ఇప్పటికీ నా పేరే ఉంది. పేరు మార్చమని మూడుసార్లు రాస్తే, మొదట అమ్మినవారి సంకేత సంఖ్య పంపమని ఒకే జవాబు మూడుసార్లు వచ్చింది. ఆ అమ్మినవారి ఫోన్ ఏడాదిగా పలకడం లేదు. వాసన తగిలితే వెనక్కి చూడకుండా పరుగెత్తే కుక్క ఇది. రేపు అది తప్పిపోయి ఎవరికైనా దొరికితే ఫోన్ మోగేది నా దగ్గర, కుక్క కోసం వీధులు తిరిగేది ఆవిడ. ఇంత చిన్న మార్పుకు ఇద్దరి సంతకాలు ఎందుకు చాలవో నాకు అర్థం కాలేదు.

ఇంత రాశాక గుర్తొస్తున్నవారు ఇంకా ఉన్నారు. టీకాల పుస్తకం కనబడకపోతే పాత రిజిస్టర్లన్నీ వెతికి తేదీలతో సహా కొత్తది రాసిచ్చిన వెటర్నరీ డాక్టరు గారికి, గోళ్లు తీసి డబ్బు వద్దన్న వారి సహాయకుడికి కృతజ్ఞతలు. కారులో అది దారంతా మొరుగుతున్నా విసుక్కోకుండా, కిటికీ కాస్త దించి పెట్టిన డ్రైవరు గారిని ఎలా మరచిపోయానో! అమ్మతో నేను ఆసుపత్రిలో ఉన్న రోజులలో చిటికెను ఉదయం పూట తిప్పిన పై ఇంటి అమ్మాయికి కూడా.

పక్కింటి బాబూ, నువ్వు ఆడుకోవడానికి ఇచ్చిన టెన్నిస్ బంతి దుప్పటి మడతలో చిక్కుకుని చిటికెతో పాటే వెళ్లిపోయింది. ఆవిడ పంపిన ఫొటోలో చూశాను, దాని పీచు ముప్పాతిక ఊడిపోయింది. నీకు కొత్తది కొని తెస్తాను.