చలికాలంలో చూడి కుందేలు, దాని గూడు

అందరికీ నమస్తే. చలి ముదిరింది కదా, చూడి కుందేళ్లున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. పెద్ద కుందేలు ఒంటి నిండా బొచ్చుంటుంది కాబట్టి ఒట్టి చలిని బాగానే తట్టుకుంటుంది, దాన్ని దెబ్బతీసేది ఈదురుగాలి, తడి. గాలి కొట్టే వైపు బోనుకు పరదా కట్టండి, కానీ పైన కొంచెం సందు వదలండి, మొత్తం మూసేస్తే మూత్రం ఘాటుకి ఊపిరితిత్తులు పాడవుతాయి.

జత కలిపిన రోజు నుంచి 31 రోజులకు అటూ ఇటుగా ఈనుతుంది, 28వ రోజుకల్లా గూటిపెట్టెను (ఈని పిల్లల్ని ఉంచుకునే పెట్టె) బోను లోపల పెట్టేయండి. ఎండుగడ్డి దట్టంగా వేయండి. దూది, పాత బట్టలు వద్దు, దారాలు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. తల్లి నోటినిండా గడ్డి మోసుకెళ్తూ, పొట్ట మీది బొచ్చు పీకి పరుస్తుంటే టెన్షన్ పడకండి. ఆ బొచ్చు తీసేయకండి, పిల్లలకు అంతకన్నా మంచి దుప్పటి లేదు.

పిల్లలు వెంట్రుక లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది, మిగతా టైమంతా వాటిని కాపాడేది గూడే. గూడు బయట చల్లబడి కదలకుండా పడున్న పిల్ల కనిపిస్తే చచ్చిపోయిందని వెంటనే వదిలేయకండి ప్లీజ్, అరచేతుల్లో పెట్టుకుని ఒంటి వేడి తగలనివ్వండి, ఒక్కోసారి మెల్లగా కాళ్లు కదుపుతుంది, వెచ్చబడ్డాకే మిగతా పిల్లల మధ్య పెట్టండి. బల్బు పెట్టాలనుకుంటే బోను బయటే, వైరు నోటికి అందకుండా, వేడెక్కువైతే తల్లి పక్కకు జరిగే చోటుండాలి. నీళ్లు గడ్డకట్టకుండా చూసుకోండి, పాలు పడాలంటే అవి చాలా ముఖ్యం.