మన సైలెంట్ కీల స్మరణకు చేయి వేసిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకు నడిపే సొంత వైర్‌లెస్ స్టేషన్) నడిపి కాలం చేసిన పెద్దల, మా మాటలో సైలెంట్ కీల, జ్ఞాపకార్థం ఆదివారం పొద్దున పెట్టుకున్న స్మరణ నెట్ (అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసే రేడియో సమావేశం), ఆ తర్వాత జరిగిన క్యూఎస్ఎల్ కార్డుల (మాట్లాడినట్టు రుజువుగా హ్యాములు ఒకరికొకరు పంపుకునే కార్డుల) ప్రదర్శన నిండుగా జరిగాయి. లైసెన్సున్న నలుగురైదుగురితో అయ్యే పని కాదిది. ఎవరు ఏం చేశారో పేర్లు లేకుండా అయినా వివరంగా రాస్తున్నాం. ఇంకో ఊళ్లో ఇలాంటి పని తలకెత్తుకునేవాళ్లకు అక్కరకొస్తుంది.

మొదటి దండం ఆ కుటుంబాలకే. బీరువాలు తెరిచి లాగ్ పుస్తకాలు (ఎవరితో ఎప్పుడు మాట్లాడారో రాసుకున్నవి), పాత లైసెన్సులు మా ముందు పెట్టారు. అవి లేకపోతే నెట్‌లో చదవాల్సిన పేర్ల జాబితానే తయారయ్యేది కాదు. 2022లో జిల్లాలు విడిపోకముందు లైసెన్సులన్నిటి మీదా తిరుపతి అయినా మదనపల్లె అయినా చిత్తూరు జిల్లా అనే ఉంటుంది, కాబట్టి ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని వెతికితే సగం మంది దొరకరు. లైసెన్సులో కింది మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌లో వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) తీసుకుని, పై మెట్టయిన జనరల్ గ్రేడ్‌కు వెళ్లాక వీయూ2 కాల్‌సైన్ తీసుకున్న మనిషి జాబితాలో ఇద్దరుగా కనిపిస్తాడు. ఇంట్లోవాళ్లు ఒకరు, ఆయనతో మాట్లాడిన హ్యామ్ ఒకరు, ఇద్దరూ అవునన్నాకే పేరు చేర్చాం. బతికున్న మనిషి పేరు రేడియోలో చదవడం కంటే ఘోరం ఉండదు. రూఢి కాని పేర్లు వచ్చే ఏడాదికి ఉంచాం. ఆ ఇళ్లవాళ్లు నొచ్చుకోవద్దని మనవి.

నెట్‌కు 40 మీటర్ల బ్యాండు ఎంచుకోవడానికి కారణముంది. పొద్దున పూట 7 మెగాహెర్ట్జ్ తరంగం పైకి వెళ్లి దగ్గర్లోనే దిగుతుంది, హైదరాబాదు, బెంగళూరు, చెన్నై అన్నీ ఒకే నెట్‌లో వినిపిస్తాయి. చీకటి పడ్డాక అయానోఆవరణం (తరంగాన్ని కిందికి తిప్పి పంపే పై పొర) పలచబడి స్కిప్, అంటే తరంగం దిగకుండా దాటేసే దూరం, పెరుగుతుంది. దూరదేశాలు గట్టిగా వస్తాయి గానీ పక్క జిల్లా వినిపించదు. సాయంత్రం పెడదామని అడిగినవాళ్లు ఈ మాట విని పొద్దునకు ఒప్పుకుని, సెలవు రోజున నిద్ర మానుకుని చెక్‌ఇన్ అయ్యారు (నెట్‌లో హాజరు చెప్పారు). వాళ్లకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. మధ్యలో ఎవరూ పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే మీట) నొక్కలేదు. ఒక్కొక్క పేరు తర్వాత అందరూ మౌనంగా ఉన్నారు.

తొలుత 1921లో 2జేకే కాల్‌సైన్‌తో మన దేశంలో మొదటి హ్యామ్ అయిన అమరేంద్ర చంద్ర గుప్తూను, అదే ఏడాది 2హెచ్‌క్యూగా వచ్చిన ముకుల్ బోస్‌ను తలచుకున్నాం. వీయూ2ఆర్‌జీ రాజీవ్ గాంధీనీ తలచుకున్నాం. ఆయన 1991 మే 21న కన్నుమూసిన శ్రీపెరంబుదూరు మనం చెన్నైకి వెళ్లే దారి పక్కదే. తర్వాత మన పెద్దల పేర్లు. నెట్ కంట్రోల్ (నెట్ నడిపేవారు) కాల్‌సైన్, పేరు, ఊరు చదివాక, మోర్స్‌లో (చుక్కలు, గీతల సంకేతాల్లో) ఆ కాల్‌సైన్, దాని వెంట ముగింపు గుర్తు ఎస్‌కే. డిడిడి డా డి డా, ఆరూ కలిపి ఒకే గుర్తుగా, మధ్యలో ఎడం లేకుండా కొట్టాలి. వేగం నిమిషానికి పది పన్నెండు మాటలు దాటకూడదు, మోర్స్ రాని ఇంటివాళ్లు కూడా గీతా చుక్కా వేరుచేసుకుని వినాలి. ఇంకొక్క జాగ్రత్త: కొట్టేవాళ్లు ముందు తమ సొంత కాల్‌సైన్ చెప్పి తీరాలి. పోయినవారి కాల్‌సైన్‌ను స్మరించుకోవచ్చు గానీ దాంతో స్టేషన్ నడపకూడదు.

ఆ మోర్స్ కొట్టింది ఒక పెద్దాయన వాడిన ఇత్తడి కీతోనే. ఇచ్చిన కోడలమ్మకు చేతులెత్తి మొక్కుతున్నాం. నల్ల నాబ్ మీద రెండు వేళ్లు ఆనేచోట మెరుపు పోయి గుంట పడింది. కాంటాక్టులు నల్లబడి సగం చుక్కలు పలకలేదు. ఇలాంటప్పుడు గరుకు కాగితం పెట్టకూడదు, వెండి పూత లేచిపోతుంది. మామూలు తెల్ల కాగితం ముక్కను కాంటాక్టుల నడుమ పెట్టి, కీని మెల్లగా నొక్కి, కాగితాన్ని లాగితే మసి దానికి అంటుకుని వస్తుంది. కాగితం తెల్లగా వచ్చేదాకా అలా చేయాలి. ఆ తర్వాత కాంటాక్టుల మధ్య ఎడం పోస్టుకార్డు మందానికి బిగిస్తే చాలు.

బైరాగిపట్టెడలో ఒక పెద్దాయన మిద్దె మీది మాస్టు (యాంటెన్నా స్తంభం) దించడం అసలు కష్టమైన పని. వీధిలో కరెంటు ఆపించి పక్కనే నిలబడ్డ లైన్‌మన్ అన్నకు, పైపు పట్టిన వెల్డింగ్ షాపు పిల్లలకు ఎంత చెప్పినా తక్కువే. మాస్టును నిలబెట్టే పాత జీఐ గై వైర్లు పైకి బాగానే కనిపిస్తాయి, టర్న్‌బకిల్ దగ్గర లోపల తుప్పు తినేసి ఉంటుంది. ఒక వైరు విప్పగానే బరువంతా మిగతా వాటి మీద పడి అవి తెగుతాయి. అందుకే ముందు నాలుగు వైపులా నైలాన్ తాళ్లు కట్టి, మనుషుల చేతికిచ్చాకే పాతవి విప్పాలి. 7.1 మెగాహెర్ట్జ్ డైపోల్ (తీగ యాంటెన్నా) పొడవు సుమారు 20 మీటర్లు. కోతులు దాన్ని పట్టుకుని ఊగినా తెగకుండా ఆ ఇంటి పెద్దాయన ఒక చివర కప్పీ వేసి, తాడుకు ఇసుక నింపిన డబ్బా వేలాడదీశారు. కోతి ఎక్కితే డబ్బా పైకి లేస్తుంది, దిగితే తీగ మళ్లీ బిగుస్తుంది. అలిపిరి వైపు ఉండే కుర్రహ్యాములు ఈ ఏర్పాటు చూసి నేర్చుకోవాలి.

813 వాల్వు లీనియర్‌ను (సిగ్నల్ బలం పెంచే పెట్టెను) చూసిపెట్టిన పాత రేడియో మెకానిక్ అన్నకు రుణపడి ఉన్నాం. ప్లగ్గు పీకేసి చాలాకాలమైంది కదా అని చెయ్యి పెట్టకూడదు. 2,000 వోల్టుల సప్లైలో కెపాసిటర్ ఛార్జు దించాల్సిన బ్లీడర్ రెసిస్టర్ ఏళ్లు గడిస్తే ఓపెన్ అయిపోతుంది, అంటే లోపల తెగిపోతుంది. ఎండు కర్ర చివర తీగ కట్టి, ముందు 10 కిలోఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ గుండా చాసిస్‌కు తాకించి, తర్వాత నేరుగా షార్ట్ చేసి, క్లిప్పు అలాగే ఉంచి పని చేశారాయన. వాల్వు రిసీవర్‌ను కూడా నేరుగా మెయిన్స్‌కు పెట్టలేదు. 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టారు, బల్బు వెలిగి తగ్గితే సరే, వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు.

కార్డులు స్కాన్ చేసిన పాలిటెక్నిక్ పిల్లలు చాలా ఓపికమంతులు. 14 బై 9 సెంటీమీటర్ల కార్డుకు 300 డీపీఐ సరిపోతుంది, కానీ రెండు వైపులా తీయాలి, చేతిరాత వెనకే ఉంటుంది. తేదీల దగ్గర తికమక పడ్డారు. కార్డు మీద యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ సమయం), పాత లాగ్‌లో మన టైము. తెల్లవారుజామున నాలుగుకు జరిగిన కాంటాక్టు కార్డులో ముందు రోజు తేదీతో ఉంటుంది. అమెరికావాళ్లు తేదీలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. పీవీసీ ఆల్బముల్లో కార్డులు అంటుకుపోయి, తీస్తుంటే సిరా ఊడి వచ్చింది. కార్తీకం వానల్లో గోడకు ఆనించిన పెట్టెకు చెమ్మ, చెదలు రెండూ పడతాయి. కాగితం కవర్లలో పెట్టి, గోడకు జానెడు దూరంలో ఇనప బీరువాలో ఉంచండి. ఇంట్లో చోటు లేకపోతే పాత పేపర్లవాళ్లకు వేయవద్దు. వియన్నాలోని డోకుఫుంక్ భాండాగారం ప్రపంచ హ్యాముల కార్డులు భద్రపరుస్తోంది.

సెట్ల సంగతి కూడా ఒక్క మాట. లైసెన్సు వారసత్వంగా రాదు. చనిపోయిన సంగతి డబ్ల్యూపీసీకి (లైసెన్సులిచ్చే కేంద్ర టెలికాం శాఖ విభాగానికి) తెలియజేసి, ట్రాన్స్‌మిటర్‌ను లైసెన్సున్నవాళ్లకే ఇవ్వాలి. వెల కట్టినవాళ్లు కొనకూడదు, కొనేవాళ్లు వెల కట్టకూడదు. ఈ పద్ధతికి కట్టుబడి, ప్రతి వస్తువుకూ మోడల్, సీరియల్ నంబరు, ధర కాగితం మీద రాసి సెట్లున్న ఇంటి అమ్మ చేతికిచ్చిన బెంగళూరు మిత్రులకు నమస్కారాలు.

స్కాన్ అయిన కార్డులన్నీ పెన్‌డ్రైవ్‌లో, అసలు కార్డులు కవర్లలో కుటుంబాలకు తిరిగి ఇస్తున్నాం. కాల్‌సైన్ చెరిగిపోయిన లాగ్ పుస్తకం ఒకటి మా దగ్గర మిగిలింది. నీలం సిరా, గుండ్రటి తెలుగు అక్షరాలు, 20 మీటర్ల బ్యాండులో ఎక్కువగా జపాన్ స్టేషన్లు. చేతిరాత గుర్తుపట్టగలవారు ఎవరైనా వచ్చి చూడండి, పుస్తకం వాళ్లింటికి చేరాలి.

73 (హ్యాముల మాటలో శుభాకాంక్షలు).