ఐబీఎస్ డైట్ చీటీలో రెండో సగం ఏదండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్‌లో ఆరోగ్యం పేజీలో ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో మళ్ళీ మళ్ళీ వచ్చే పేగు సమస్య) గురించి వేసింది చదివాను. ఏమేం తినకూడదో బాగానే రాశారు, ఎర్రగడ్డలు తెల్లగడ్డలు వద్దు, గోధుమలు వద్దు, పాలు వద్దు, శెనగలు అలసందలు తగ్గించండి అని. కానీ ఎన్నాళ్ళు మానాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ఒక్క ముక్క కూడా లేదు. తిరుపతిలో మేము చూసిన డైట్ చీటీల్లో కూడా అది ఉండదు, అందుకే ఈ ఉత్తరం.

మా అక్క పాకాల దగ్గర పల్లెలో ఉంటుంది. కడుపుబ్బరం, నొప్పి, నాలుగు రోజులు విరేచనాలు అయితే ఇంకో నాలుగు రోజులు మలబద్ధకం, ఇలా చాలాకాలం అవస్థపడింది. ఇక్కడే ఒక ప్రైవేట్ క్లినిక్‌లో టెస్టులన్నీ చేయించి ఐబీఎస్ అని చెప్పి ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టి పంపించేశారు. ఆ కాగితం ఇప్పటికీ వాళ్ళ వంటింటి అల్మారా తలుపుకి అంటించే ఉంది, నూనె చేతులు తగిలి అంచులు నల్లబడిపోయాయి. మొదట్లో బాగా తగ్గింది, లేదని చెప్పను. కానీ తగ్గింది కదా మళ్ళీ తింటే మళ్ళీ వస్తుందేమో అనే భయం పట్టుకుంది, ఇంక దేన్నీ ముట్టుకోదు. సంక్రాంతి ముందు అనపకాయలు వస్తే గింజలు నానేసి ఒక్కోటి పితికి ఇంటిల్లిపాదికీ పితికిపప్పు చేసి పెడుతుంది, తను మాత్రం తెల్లగడ్డ వెయ్యని మిరియాల చారు పోసుకుని అన్నం తిని లేస్తుంది. పప్పు లేదు, పాలు లేవు, పండు లేదు, మనిషి బాగా చిక్కిపోయింది.

ఈ డైట్‌ని లో ఫాడ్‌మ్యాప్ అంటారు, ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు 2005 ప్రాంతంలో తయారుచేశారు. వాళ్ళు చెప్పింది మూడు దశలు, అందులో మానేసే దశ 2 నుంచి 6 వారాలే. ఎందుకంటే ఎర్రగడ్డలో, గోధుమలో, పప్పుల్లో ఉండే కొన్ని రకాల పిండిపదార్థాలు (వీటినే ఫాడ్‌మ్యాప్ అంటారు, 'లో' అంటే అవి తక్కువగా ఉండే తిండి) చిన్నపేగులో అరగవు, పెద్దపేగులోకి పోయాక అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది, గ్యాస్ వస్తుంది, ఐబీఎస్ ఉన్నవాళ్ళ పేగు నరాలు ఎక్కువ సున్నితంగా ఉంటాయి కాబట్టి అందరికీ వచ్చే గ్యాసే వీళ్ళకి నొప్పిగా తెలుస్తుంది. కానీ అదే పులిసే పనిలో బ్యూటిరేట్ అనేది కూడా తయారవుతుంది, పెద్దపేగు గోడలోని కణాలకి బలం అదే. అంటే మనల్ని మానమన్నవే పేగులోని మంచి బ్యాక్టీరియాకి తిండి. లండన్ కింగ్స్ కాలేజ్ వాళ్ళు 2012లో చూస్తే ఈ డైట్ మొదలుపెట్టిన నాలుగు వారాలకే బిఫిడో అనే మంచి రకం బ్యాక్టీరియా తగ్గిపోయింది. నాలుగు వారాలకే అలా ఉంటే ఏళ్ళ తరబడి అదే తిండి తినేవాళ్ళ సంగతి ఎవరు ఆలోచిస్తున్నారు?

ఈమధ్య అక్కని ఇంకో డైటీషియన్ దగ్గరికి తీసుకుపోయాం, ఆవిడ ఓపిగ్గా కూర్చోబెట్టి రెండో దశ, అంటే మానేసినవి మళ్ళీ ఒక్కోటి తిని చూసుకునేది, చెప్పారు. ఒకసారికి ఒక్క రకమే, మొదటిరోజు కొంచెం, మర్నాడు ఇంకొంచెం, మూడోరోజు మామూలుగా, తర్వాత రెండుమూడు రోజులు ఆపి ఇంకో రకం, రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. పప్పుల్ని నానేసి ఆ నీళ్ళు పారబోసి వండమన్నారు, గ్యాస్ చేసేది కొంత ఆ నీళ్ళతోనే పోతుందంట. తెల్లగడ్డ వాసన కావాలంటే రెబ్బలు నూనెలో వేయించి తీసెయ్యండి, గ్యాస్ చేసేది నూనెలో కరగదు, అదే చారులో వేసి తీసేస్తే లాభం లేదు నీళ్ళలోకి దిగిపోతుంది అన్నారు. ఇంత చిన్న విషయం ఆ జిరాక్స్ కాగితంలో ఒక లైన్ రాస్తే ఏం పోయేది! ఇప్పుడు అక్క చపాతీ తింటోంది, పప్పు రెండు గరిటెలు పడుతోంది, పచ్చి ఎర్రగడ్డ మాత్రం పడలేదు. మిగిలినవాళ్ళకి వేరేగా ఉండొచ్చు, ఎవరికేది పడదో ఇలా చూసుకుంటేనే తెలిసేది. అసలు ఈ డైట్ అందరికీ పనిచెయ్యదు కూడా, ఆరు వారాల్లో ఏమీ తేడా లేకపోతే ఆపేసి మామూలు తిండికి వచ్చెయ్యాలి.

ఇంకో మాట, మలంలో రక్తం పడుతున్నా, ఊరికే బరువు తగ్గిపోతున్నా, రక్తహీనత ఉన్నా, యాభై దాటాక కొత్తగా ఇవన్నీ మొదలైనా దాన్ని ఐబీఎస్ అనుకుని సొంతంగా డైట్ చెయ్యొద్దు, ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి.

కాబట్టి నా విన్నపం ఏంటంటే, మీ పేపర్‌లో ఆ రెండో సగం కూడా వెయ్యండి, పాశ్చాత్య తిండి పేర్లు కాకుండా మన చిత్తూరు, తిరుపతి జిల్లాల ఇళ్ళలో తినేవి, అనపగింజలు, ఉలవలు, శెనక్కాయల ఊరిబిండి, ఎండాకాలం బెంగళూరా మామిడి, వీటితో ఎలా మొదలుపెట్టాలో మంచి డైటీషియన్‌తో రాయించండి. క్లినిక్కుల వాళ్ళు కూడా చీటీ ఇచ్చేటప్పుడే దాని మీద మళ్ళీ రావాల్సిన తేదీ వేసి ఇవ్వాలి, ఆరు వారాలు దాటకుండా.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తిరుపతి