రూనిట్ గుమ్మటానికి అడుగు లేదు

అమెరికా ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల్లో, ఎనెవెటాక్ అనే పగడపు దీవుల వలయంలో మీ దేశం 1948-58 మధ్య 43 అణు పరీక్షలు జరిపింది. కలుషిత మట్టిలో కొంత భాగాన్ని రూనిట్ దీవిలోని ఒక పేలుడు గుంతలో పోసి, పైన సుమారు 46 సెంటీమీటర్ల మందాన గుమ్మటంలా కాంక్రీటు కప్పి, 1980 నాటికి చేతులు దులుపుకుంది. గుంత అడుగున మాత్రం ఏ పొరా వేయలేదు. కింద ఉన్నది నీరు ఇంకే పగడపు నేల కనుక, సముద్రపు ఆటుపోట్లతో పాటు లోపలి నీరూ లేస్తూ దిగుతూ ఉంటుంది. పైపగుళ్లకు సిమెంటు మెత్తితే అది ఆగదు. ఆ మట్టిలోని రేడియోధార్మిక పదార్థం ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే 24,000 ఏళ్లు పడుతుంది. గుమ్మటంలోకన్నా బయట, దీవుల వలయం మధ్యనున్న సముద్రపు సరస్సు అడుగునే ప్లుటోనియం ఎక్కువుందని మీ శాఖ చెప్పే మాట ఊరట కాదు, నేరాంగీకారం. అక్కడి భూగర్భజల పరీక్షల ఫలితాలన్నింటినీ మార్షలీస్ భాషలో ఆ దీవుల ప్రజలకు అందించాలని, స్వతంత్ర శాస్త్రవేత్తలను అనుమతించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు